కింగ్ డేకి సమాధి రాళ్లు కడగొచ్చా?

శారద_వీఏ: జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ డే, ఇక్కడ అమెరికాలో సేవ చేసే సెలవురోజు. వర్జీనియాలో రిచ్మండ్ చుట్టుపక్కల తెలుగువాళ్లం ఈసారి ఈస్ట్ ఎండ్ సమాధుల తోటలో సేవకి వెళ్దామనుకుంటున్నాం. 1897 నాటి నల్లజాతివాళ్ల తోట, దశాబ్దాలపాటు అడవి పట్టింది. ఇరవైమంది వస్తామన్నారు. రాళ్లకి పాచిపట్టి పేర్లు కనబడట్లేదు. ఏమేం తేవాలి?

ముక్కుసూటి: దీనికింత ఆలోచన దేనికి? పది పాళ్ల నీళ్లకి ఒక పాలు బ్లీచ్. రుద్దితే పావుగంటలో మల్లెపువ్వులా తయారవుతుంది. ప్రెజర్ వాషర్ ఉంటే ఇంకా తొందరగా అయిపోతుంది.

గచ్చుసున్నం: అయ్యా, ఆ పని మాత్రం చేయకండి. పాలరాయి నీళ్లు పీలుస్తుంది. బ్లీచ్ లోపలికి దిగితే ఎంత కడిగినా దాని ఉప్పు అక్కడే ఉండిపోతుంది. ఎండినప్పుడల్లా అది గట్టిపడి ఉబుకుతుంది, పాత గోడలు పెచ్చులూడినట్టు రాయి ఊడుతుంది. ప్రెజర్ వాషరైతే చెక్కిన అక్షరాల అంచులనే లేపేస్తుంది.

ముందు రాయిని వేలితో రాసి చూడండి. పంచదారలా పొడి రాలితే వదిలేయండి. కణుపుతో తడితే డొల్లగా మోగినా అంతే. గట్టిగా ఉంటే మంచినీళ్లతో బాగా తడపాలి, పొడిరాయైతే మందుని పీల్చేసుకుంటుంది. తర్వాత డీ-టూ అనే పాచిమందు చల్లి 10-15 నిమిషాలు ఆగి, మెత్తటి నైలాన్ బ్రష్‌తో కిందనుంచి పైకి రుద్దాలి. పైనుంచి మొదలెడితే మురికినీళ్లు కారి చారలు కడతాయి. ఆరోజే తెల్లబడదు, వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు.

అసలు చిక్కు జనవరితోనే. 40 ఫారన్‌హీట్ కన్నా చలి ఉంటే కడగకూడదు. రాయిలో దిగిన నీళ్లు రాత్రికి గడ్డకట్టి పగలగొడతాయి.

బుజ్జి: అయితే ఐవీ తీగలు పీకుదామా?

గచ్చుసున్నం: మొదలు దగ్గర కోసి వదిలేయండి, ఎండి రాలుతుంది. పచ్చిగా లాగితే వేళ్లతోపాటు రాతిపొర వచ్చేస్తుంది. చెట్లనైనా నేలమట్టంగా కొయ్యడమే. మోడు తవ్వారో, కింద ఉన్నది శవపేటిక.

బుజ్జి: విరిగినవి సిమెంటుతో అతికిస్తే?

గచ్చుసున్నం: సిమెంటు పాలరాయికన్నా గట్టిది. నేల కదిలితే సిమెంటు నిలబడుతుంది, రాయి పగులుతుంది. అతికితే సున్నంతోనే, అదీ చేయి తిరిగినవాళ్లు.

ముక్కుసూటి: ఇక్కడ అందరూ వాకిట్లో మెట్లు బ్లీచ్‌తోనే కడుగుతారు, ఏవీ రాలిపోలేదు. పదికి ఒకటి అన్నాను, సీసా ఒంపమనలేదు.

గచ్చుసున్నం: మెట్లు కాంక్రీటువండీ. పదికి ఒకటైనా వందకి ఒకటైనా ఉప్పు ఉప్పే.

ముక్కుసూటి: వందకి ఒకటైతే ఉప్పెంత దిగుతుంది? లెక్క చెప్పండి.

పాతరాయి: మీ బ్లీచ్ లెక్కలు సరే, పిచ్చిమొక్కలని పీకేసేవే గుర్తులు కావొచ్చు, అది చూశారా? రాయి కొనలేని కుటుంబాలు సమాధి మీద యుక్కా, వింకా మొక్కలు నాటుకునేవి. వింకా అంటే మన బిళ్లగన్నేరుకి చుట్టమే. గవ్వలు, పగిలిన కప్పులు, మామూలు గుండ్రాళ్లు కూడా గుర్తులే. వాటిని చెత్తసంచిలో వేస్తే ఆ మనిషి జాడ పోయినట్టే. తూర్పుపడమరలుగా మనిషి పొడుగున నేల దిగబడితే అది సమాధి అనుకోండి. చిన్న జెండా గుచ్చి ఫోటో తీశాకే మిగతా పని.

పేరు చదవడానికి సుద్ద, షేవింగ్ క్రీమ్ పూయొద్దు. ఒకరు అద్దం పట్టుకుని ఎండని పక్కనుంచి ఏటవాలుగా రాయి మీదకి కొట్టండి. అక్షరాలు లేచి నిలబడతాయి.

ముక్కుసూటి: కడగొద్దు, పీకొద్దు, ముట్టుకోవద్దు. ఇలా వద్దు వద్దంటూనే అడవి చేశారు!

పాతరాయి: అడవి చేసింది జాగ్రత్త కాదండీ. తోట చూసుకోవడానికి నిధి లేదు, జిమ్ క్రో రోజుల్లో, అంటే నల్లవాళ్లని వేరుపెట్టిన చట్టాల కాలంలో, ఎన్నో కుటుంబాలు ఉత్తరాదికి వలసపోయాయి. అదే ఊళ్లో, అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన కాన్ఫెడరేట్ సైనికుల సమాధులకి మాత్రం రాష్ట్రం దశాబ్దాలుగా డబ్బిచ్చింది. ఈస్ట్ ఎండ్‌కి, పక్కనున్న ఎవర్‌గ్రీన్‌కి సమాధికి 5 డాలర్ల లెక్కన ఇచ్చే చట్టం 2017లో గానీ రాలేదు. ఎవర్‌గ్రీన్‌లో ఉన్నది ఎవరనుకున్నారు, 1903లోనే బ్యాంకు పెట్టిన నల్లజాతి మహిళ మ్యాగీ వాకర్!

ముక్కుసూటి: అందుకే మెరవాలంటున్నా. వాళ్ల రాళ్లు తెల్లగా ఉంటే వీళ్లవి పాచితో ఉండాలా? మీకా పాచిలో చరిత్ర కనిపిస్తోంది, నాకు అవమానం కనిపిస్తోంది.

గచ్చుసున్నం: ఇదీ అసలు మాట. ఇందాకే అనుంటే బ్లీచ్ గోల తప్పేది. అవమానమే, కాదనను. కానీ ఆ రాయి కింద ఉన్నావిడకి మునిమనవలున్నారు. తెల్లగా కావాలో, చెట్టునీడ ఉంచాలో చెప్పాల్సింది వాళ్లు. ఒకపూట టీషర్టులేసుకొచ్చే మనమా?

ముక్కుసూటి: టీషర్టుల ఊసెందుకు ఇప్పుడు? అక్కడున్నవి 15 వేల పైచిలుకు. ఎంతమంది వారసులు దొరికేను? అందరూ దొరికేలోపు మీరన్న ఆ పంచదార కాస్తా రాలిపోతుంది.

పాతరాయి: పేరు చదివితేనే దొరుకుతారు. పేరు, తేదీలు, చోటు ఫోటోతో సమాధుల వివరాలుండే ఫైండ్ ఎ గ్రేవ్ వెబ్‌సైట్‌లో పెడితే వెతుక్కునే కుటుంబం కంటపడుతుంది. కింగ్ డేకి చలిలో చేయగలిగే పని అదే. కడగడం ఏప్రిల్‌లో, సరేనన్నవాళ్ల రాళ్లకే.

శారద_వీఏ: సరేనండీ. ఐదు అద్దాలు, వంద జెండాలు, కొమ్మల కత్తెర్లు. అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లని ముందు అడిగి చెప్తాను. బ్లీచ్ ఎవరూ తేవద్దు.

ముక్కుసూటి: వందకి ఒకటి లెక్క ఇంకా ఎవరూ చెప్పలేదు.