విండోస్ 11లో కీబోర్డ్ దానంతటదే మారిపోతోంది, తీసేసిన యూకే లేఅవుట్ మళ్లీ వస్తోంది

ప్రశ్న: అచ్చుతప్పు

విండోస్ 11 డెస్క్‌టాప్. ఇంగ్లీష్ ఇండియా, తెలుగు ఫొనెటిక్, ఈ రెండు లేఅవుట్లే (ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే అమరికలు) ఉంచుకున్నాను. అయినా టాస్క్‌బార్ మూలన ఇంగ్లీష్ యూకే అని మూడోది కనిపిస్తోంది. తీసేస్తే పోతుంది, రీస్టార్ట్ చేస్తే మళ్లీ హాజరు. అది పట్టుకున్నప్పుడల్లా షిఫ్ట్ 2 కొడితే ఎట్ గుర్తుకు బదులు డబుల్ కోట్ పడుతోంది. లాగిన్‌లోనూ ఇదే వరస, పాస్‌వర్డ్ తప్పంటుంది.

ఇది చాలదన్నట్టు, టైప్ చేస్తుండగానే ఇంగ్లీషు కాస్తా తెలుగైపోతుంది. వర్డ్‌లో మరీ ఎక్కువ. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో పని ఉంటుంది, అక్కడ తెలుగు ఆన్ అయి ఉంటే అంతా చెత్త పడుతుంది. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నారు. కొట్టకుండా దారేమైనా ఉందా?

జవాబు: మీటనొక్కు

ఫార్మాట్ వద్దండీ. ఇంగ్లీష్ ఇంటర్నేషనల్ ఐఎస్‌ఓతో, అంటే ఆ పేరున్న విండోస్ ఇన్‌స్టాలేషన్ ఫైల్‌తో, మళ్లీ ఇన్‌స్టాల్ చేశారంటే యూకే కీబోర్డ్ మొదటి రోజే వచ్చి కూర్చుంటుంది. ఆ ఐఎస్‌ఓ డిఫాల్ట్ భాషే బ్రిటిష్ ఇంగ్లీషు. పేరు చూసి అదే మనకు సరిపోతుందనుకుని దింపుకునేవాళ్లు చాలామంది. మీ సిస్టంలోకి యూకే అలా వచ్చిందే అయ్యుంటుంది.

మీరు చెప్పినవన్నీ ఒక్కటే జబ్బు కాదు. ముందు ఎక్కడ మారుతోందో గమనించండి, ఎవరు మారుస్తున్నారో దాన్నిబట్టే తెలిసిపోతుంది.

కర్సర్ తెలుగు పేరాలో పెడితే తెలుగు, ఇంగ్లీషు పేరాలో పెడితే ఇంగ్లీషు అవుతుంటే అది వర్డ్ పని, విండోస్‌ది కాదు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఎడిటింగ్ ఆప్షన్స్ కింద "ఆటోమేటికల్లీ స్విచ్ కీబోర్డ్ టు మ్యాచ్ లాంగ్వేజ్ ఆఫ్ సరౌండింగ్ టెక్స్ట్" టిక్ తీసేయండి. ఔట్‌లుక్ వాడితే అక్కడ విడిగా తీయాలి.

ఏ ప్రోగ్రాంలో ఉన్నా మారుతుంటే అనుమానించాల్సింది హాట్‌కీనే, అంటే కలిపి నొక్కే షార్ట్‌కట్ మీటలను. ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారుతుంది. కంట్రోల్, షిఫ్ట్ కలిపితే ఒకే భాష కింద ఉన్న లేఅవుట్లు మారతాయి. విండోస్ ఇక్కడ చూసేది ఆ రెండు మీటలు వదిలే క్షణాన్ని. ఎక్సెల్‌లో కంట్రోల్ షిఫ్ట్ బాణంతో వరుసంతా సెలెక్ట్ చేయబోయి, మనసు మార్చుకుని బాణం నొక్కకుండా వేళ్లు తీసేశారనుకోండి, లేఅవుట్ మార్చమన్నారనే అనుకుంటుంది. ఆల్ట్ షిఫ్ట్ ట్యాబ్‌తో విండోలు వెనక్కి తిప్పేవాళ్లకూ ఇదే జరుగుతుంది.

సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో "ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్" లింకు నొక్కండి. వచ్చిన పెట్టెలో "బిట్వీన్ ఇన్‌పుట్ లాంగ్వేజెస్" వరుస ఎంచుకుని, చేంజ్ కీ సీక్వెన్స్‌లో రెండువైపులా "నాట్ అసైన్డ్" పెట్టి ఓకే, అప్లై. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కడం మామూలుగానే పనిచేస్తుంది. అది పొరపాటున తగిలేది కాదు.

పేజ్‌మేకర్ సంగతికి అదే అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్ పేజీలో "లెట్ మి యూజ్ ఎ డిఫరెంట్ ఇన్‌పుట్ మెథడ్ ఫర్ ఈచ్ యాప్ విండో" టిక్ పెట్టండి. విండోస్ 7 వరకూ ఏ విండో భాష దానిదే. విండోస్ 8 నుంచి డిఫాల్ట్‌గా అన్నిటికీ ఒకటే చేశారు. అందుకే బ్రౌజర్‌లో తెలుగు పెట్టి పేజ్‌మేకర్‌కి వస్తే తెలుగు వెంటబడి వస్తోంది. అను ఫాంట్లు అడుగున ఇంగ్లీషు లేఅవుట్ ఉంటేనే సరిగ్గా పడతాయి. టిక్ పెట్టాక పేజ్‌మేకర్ ఇంగ్లీషులో, క్రోమ్ తెలుగులో దేని దారిన అది ఉంటాయి.

జవాబు: రిజిస్ట్రీరాజు

పైన చెప్పిన హాట్‌కీ లింకు కనబడకపోతే రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటు) చేయొచ్చు. హెచ్‌కీ కరెంట్ యూజర్, కీబోర్డ్ లేఅవుట్, టాగుల్. అందులో హాట్‌కీ, లాంగ్వేజ్ హాట్‌కీ, లేఅవుట్ హాట్‌కీ అని మూడు స్ట్రింగ్ విలువలు, మూడింటికీ 3 ఇవ్వండి. 1 అంటే ఆల్ట్ షిఫ్ట్, 2 అంటే కంట్రోల్ షిఫ్ట్, 3 అంటే ఏదీ వద్దు. సైన్ అవుట్ అయి మళ్లీ రావాలి.

యూకే భూతం విషయానికొస్తే, లాగిన్ తెరకు మీ అకౌంట్‌తో సంబంధం లేని సొంత జాబితా ఉంటుంది. మీరు సెట్టింగ్స్‌లో ఎన్నిసార్లు తీసినా అది కదలదు. ఉండే చోటు హెచ్‌కీ యూజర్స్ కింద డాట్ డిఫాల్ట్, కీబోర్డ్ లేఅవుట్, ప్రీలోడ్. 1, 2, 3 అని పేర్లుంటాయి, లాగిన్ తెర మొదట ఎత్తుకునేది 1 అన్నదాన్ని. విలువ 00000809 అని ఉంటే యూకే. 00004009 ఇంగ్లీష్ ఇండియా, 00000409 అమెరికా ఇంగ్లీష్. తెలుగుది 0000044a, చివరిది ఇంగ్లీషు అక్షరం. 809 ఉన్నదాన్ని తీసేసి, మిగిలినవాటికి వరుస నంబర్లు తప్పకుండా పేర్లు మార్చండి. ఇవన్నీ చేసేముందు ఆ ప్రీలోడ్ కీని (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటిది) ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.

జవాబు: నిదానం

రాజు గారూ, విలువలన్నీ సరైనవే, కానీ రిజిస్ట్రీ దాకా వెళ్లక్కర్లేదు. ఇంకోటి, మూలం వదిలేసి ప్రీలోడ్ దిద్దితే మళ్లీ వచ్చే వీలుంది.

అచ్చుతప్పు గారూ, ఈ వరసలో చేయండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, విండోస్ బ్యాకప్, రిమెంబర్ మై ప్రిఫరెన్సెస్ తెరిచి లాంగ్వేజ్ ప్రిఫరెన్సెస్ టిక్ తీయండి. అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఇంకో ల్యాప్‌టాప్ ఉండి, దాంట్లో యూకే ఉంటే, మీరు ఇక్కడ తీసింది అక్కణ్నుంచి దిగుతుంది.

తర్వాత లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో ఇంగ్లీష్ ఇండియా పక్కనున్న మూడు చుక్కలు, లాంగ్వేజ్ ఆప్షన్స్. అడుగున ఇన్‌స్టాల్డ్ కీబోర్డ్స్‌లో యూకే ఉంటే తీసేయండి. ఒక్కోసారి భాష పేరు ఇండియా అని ఉండి లోపల కీబోర్డ్ యూకేది ఉంటుంది, చాలామంది చూడనిది ఇదే. అక్కడ లేకుండా టాస్క్‌బార్‌లో మాత్రమే కనిపిస్తుంటే, ఇంగ్లీష్ యునైటెడ్ కింగ్‌డమ్‌ని ఒకసారి భాషగా చేర్చి వెంటనే తీసేయండి. చేర్చేటప్పుడు డిస్‌ప్లే లాంగ్వేజ్ టిక్ పెట్టకండి.

చివరగా లాంగ్వేజ్ అండ్ రీజియన్ పేజీలో కిందున్న అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్, కాపీ సెట్టింగ్స్. వెల్‌కమ్ స్క్రీన్, న్యూ యూజర్ అకౌంట్స్ రెండింటికీ టిక్ పెట్టి ఓకే, రీస్టార్ట్. మీ శుభ్రమైన జాబితా లాగిన్ తెరకు ఎక్కుతుంది. ఈ మెట్టు ముందే చేస్తే యూకేతో సహా కాపీ అవుతుంది, అందుకే చివర.

ఈలోపు లాగిన్ దగ్గర ఇరుక్కుంటే కుడివైపు అడుగున లేఅవుట్ పేరు నొక్కి మార్చుకోండి. యూకేలోనే కొట్టాల్సి వస్తే ఎట్ గుర్తు ఎంటర్ పక్కనున్న కోట్ మీటకు షిఫ్ట్ కలిపితే పడుతుంది. పాస్‌వర్డ్ గడిలో కన్ను బొమ్మ నొక్కి పట్టుకుంటే ఏం పడిందో కనిపిస్తుంది.

అచ్చుతప్పు

వర్డ్ గొడవ తీరింది, పేజ్‌మేకర్ కూడా. ఇంగ్లీష్ ఇండియా కిందే యూకే కీబోర్డ్ దాక్కుని ఉంది, తీసేశాక రీస్టార్ట్‌లో రాలేదు. ఒక్కటే మిగిలింది. రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆఫీసు సర్వర్‌లోకి వెళ్తే అక్కడ మాత్రం ఇంకా యూకే చూపిస్తోంది.

జవాబు: మీటనొక్కు

రిమోట్ డెస్క్‌టాప్ మీ సిస్టం లేఅవుట్లను అవతలి సెషన్‌లోకి మోసుకెళ్తుంది. పాత సెషన్ ఇంకా బతికే ఉన్నట్టుంది. విండో మూసేస్తే కనెక్షన్ తెగుతుంది గానీ సెషన్ పోదు. సర్వర్‌లో స్టార్ట్ మెనూ నుంచి సైన్ అవుట్ చేసి మళ్లీ వెళ్లండి.

అప్పటికీ వస్తుంటే సర్వర్ చూసుకునే వాళ్లకు ఇది చెప్పండి: హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, కీబోర్డ్ లేఅవుట్‌లో "ఇగ్నోర్ రిమోట్ కీబోర్డ్ లేఅవుట్" అనే డీవర్డ్ (సంఖ్య రకం విలువ) చేసి 1 ఇవ్వాలి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో, ఖాళీలు లేకుండా ఒకటే పదంగా. పక్కనే చివర ఎస్ ఉన్న కీబోర్డ్ లేఅవుట్స్ అనే కీ ఒకటుంటుంది, దాంట్లో పెడితే పనిచేయదు. ఈ విలువ పెట్టాల్సింది మీ సిస్టంలో కాదు, సర్వర్‌లో. పెట్టాక సర్వర్ రీస్టార్ట్ కావాలి కాబట్టి పని వేళల్లో అడగకండి.