అప్‌డేట్: ఉప్పునీటి అక్వేరియం ట్యాంకులో జుట్టు నాచు

రాళ్ల నిండా జుట్టులా పచ్చ నాచు పట్టిందని, నీళ్ల టెస్టులో మాత్రం నాచుకు మేతయ్యే ఫాస్ఫేట్ సున్నా చూపిస్తోందని నెల క్రితం అడిగాను కదా. మీరన్నదే నిజం. వచ్చిన ఫాస్ఫేట్‌ను నాచే ఎప్పటికప్పుడు లాగేసుకుంటోంది, ఇక టెస్టుకేం దొరుకుతుంది! అసలు దొంగ నేను పోసే నీళ్లే. ఆర్‌ఓ డీఐ నీళ్లలో (ఫిల్టర్, రెజిన్‌లతో శుద్ధి చేసినవి) టీడీఎస్, అంటే కరిగి ఉన్న పదార్థాల లెక్క, 0 ఉండాలి, నాకు 38 వచ్చింది. రెజిన్ పనైపోయిందని చెప్పే దాని రంగు ఎప్పుడో మారిపోయింది, నేనే చూసుకోలేదు.

రెజిన్ మార్చి, లైటు 10 గంటల నుంచి 7కి తగ్గించాను. రాళ్లను ట్యాంకు నీళ్లున్న బకెట్‌లో పెట్టి టూత్‌బ్రష్‌తో రుద్దాను. నాచు తినే టర్బో నత్తలు పొడుగు నాచు జోలికే పోలేదు, కురచగా అయ్యాక మాత్రం రాత్రికి రాత్రే బాటలు వేశాయి. ఒకటి రోజూ వెల్లకిలా పడుతుంది, తిప్పే డ్యూటీ నాది. పంపు వెనక ఒక కుచ్చు మిగిలింది, అక్కడికి చెయ్యి పట్టడం లేదు.