ఓఆర్‌ఆర్ సైకిల్ ట్రాకా, కాలనీ ఫుట్‌పాతా: నిర్వహణ డబ్బు ముందు దేనికి?

కూకట్‌పల్లి నడక: హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు కింద సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న తెరిచారు. 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు. బాగుంది, కాదనను. కానీ మా ఇంటి నుంచి కూరగాయల మార్కెట్‌కి వెళ్లేలోపు మూడుసార్లు ఫుట్‌పాత్ దిగి రోడ్డెక్కాలి. కేబుల్ కోసం తవ్వినవాళ్లు టైల్స్ పక్కన పేర్చేసి పోయారు. ఆ గుంటలోనే మా అమ్మ కాలు బెణికింది. డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

నార్సింగి సైకిల్: అయ్యో, అమ్మగారికి ఇప్పుడెలా ఉందండీ? కానీ ఈ రెండింటికీ పోటీ పెట్టడం నాకు నచ్చలేదు. ఆ కప్పు నీడ కోసమే వేసింది కాదు, దాని సామర్థ్యం 16 మెగావాట్లు. కరెంటు మీద వచ్చేది ట్రాక్ ఊడ్చడానికి, లైట్లకు వాడితే మీ ఫుట్‌పాత్ డబ్బుకి ఎవరూ అడ్డం రారు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా లారీ హారన్ భయం లేకుండా తొక్కే చోటు ఊళ్లో ఇంకెక్కడుంది చెప్పండి?

కూకట్‌పల్లి నడక: అమ్మ నడుస్తోంది, థాంక్సండీ. ఇంతకీ ఆ ట్రాక్ దాకా మీ సైకిల్ ఎలా వస్తుంది? కారు వెనక కట్టుకునేగా?

నార్సింగి సైకిల్: దొరికిపోయాను. కారు మీదే.

రిటైర్డ్ ఏఈ: అసలు మాట అదేనమ్మా. ట్రాక్ చివర్న దారి తెగిపోతే అది వ్యాయామానికే గానీ ప్రయాణానికి పనికిరాదు. ఫుట్‌పాత్ కొలతలు కాగితం మీద ఎప్పటినుంచో ఉన్నాయి: అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. నడవడానికి ఫుట్‌పాత్ ఉండటం జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చిక్కంతా తర్వాతే. వేసేది ఒకరు, తవ్వేది ఇంకొకరు, పూడ్చాల్సింది మూడోవాళ్లు. తవ్వినవాళ్ల బిల్లు, పూడ్చిన చోటు చూశాకే పాస్ చేయాలి. నా సర్వీసులో ఇది చెప్పి తిట్లు తిన్నాను, అది వేరే కథ.

విశాఖ అలలు: మా ఆర్కే బీచ్ రోడ్డులో పొద్దున్నే బారికేడ్లు పెట్టి బండ్లు ఆపుతారు. కొత్తగా కట్టిందేమీ లేదు, అయినా జనం హాయిగా నడుస్తారు. మీరూ అలా చేయొచ్చుగా?

కూకట్‌పల్లి నడక: మార్కెట్ రోడ్డు మూస్తే కూరగాయల ఆటోలు ఎటు పోవాలన్నా? మాకు ఆ గుంట పూడిస్తే చాలు. పేర్చిన టైల్స్ మీద ఇప్పుడొకాయన టీ గ్లాసులు పెట్టి అమ్ముకుంటున్నాడు.