లోడు మూడింట రెండొంతులే, అయినా ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కిపోతోంది. హార్మోనిక్సేనా (కరెంటులో చేరే 50 హెర్ట్జ్ గుణిజాలు)?

పేట మిల్లు ఎలక్ట్రికల్:
సార్, మాది చిలకలూరిపేట దగ్గర స్పిన్నింగ్ మిల్లు. 1000 కేవీఏ, 11 కేవీ/433 వోల్టుల ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్. రింగ్ ఫ్రేములకు, హ్యుమిడిఫికేషన్ ఫ్యాన్లకు వీఎఫ్‌డీలు (మోటారు వేగం మార్చే డ్రైవులు) పెట్టాక ఈ గోల మొదలైంది. కరెంటు 900 ఆంపియర్లు దాటట్లేదు, కానీ మధ్యాహ్నం ఆయిల్ 88 డిగ్రీలకు పోయి అలారం మోగుతోంది. నిరుడు ఇదే లోడుకు 70 దాటేది కాదు. ఆయిల్ లెవెల్ బాగానే ఉంది. అలారం 95కి పెంచేద్దామని షిఫ్టువాళ్లు, ఇంకా పెద్దది కొందామని మేనేజ్‌మెంట్. ఏం చేయాలి?

లైన్‌మన్ కొడుకు:
బ్రదర్, ముందు రేడియేటర్ చూడండి. మిల్లుల్లో రెక్కల మధ్య దూది మెత్తలా పేరుకుంటుంది, గాలి ఆడదు. పైనా కిందా వాల్వులు రెండూ పూర్తిగా తెరిచి ఉన్నాయా?

పేట మిల్లు ఎలక్ట్రికల్:
తెరిచే ఉన్నాయి. దూది దులిపిస్తే రెండు డిగ్రీలే తగ్గింది. ఎనలైజర్ తెప్పించి చూస్తే 5వ హార్మోనిక్ (250 హెర్ట్జ్) అసలు కరెంటులో 30 శాతం, 7వది 20 శాతం. ఏపీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే) ప్యానెల్లో 400 కేవీఏఆర్ మామూలు కెపాసిటర్లు, వాటికి వరుసలో రియాక్టర్లు (కాయిళ్లు) లేవు. ఫ్యూజులు తరచూ పోతున్నాయి.

ట్రాన్స్‌ఫార్మర్ టెస్టింగ్:
మీ జబ్బు ఆ ఫ్యూజుల దగ్గరే బయటపడింది. వైండింగ్‌లో ఎడ్డీ నష్టాలు (లోహంలో సుడి తిరిగే కరెంట్ల వేడి) ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి పెరుగుతాయి. మీ 5వది 0.3 వర్గం ఇంటూ 25, అంటే 2.25. 7వది 0.2 వర్గం ఇంటూ 49, దాదాపు 2. అసలు 50 హెర్ట్జ్‌ది 1 కలిపితే ఐదు రెట్లు దాటింది. అదే ఆమ్మీటర్లో పెరిగేది ఆరు శాతం మాత్రమే. అందుకే మీకు లోడు తక్కువగా కనబడుతోంది.

ఇక 7వది అంత ఎందుకుంది? ఇంపీడెన్స్ (ట్రాన్స్‌ఫార్మర్ లోపలి అడ్డు) 5 శాతం అనుకుంటే షార్ట్ సర్క్యూట్ కెపాసిటీ 20,000 కేవీఏ. దాన్ని 400తో భాగిస్తే 50, వర్గమూలం 7 పైచిలుకు. సరిగ్గా 7వ హార్మోనిక్ దగ్గర రెజొనెన్స్, అంటే ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు కలిసి దాన్ని పెంచేస్తున్నాయి! ప్యానెల్లో కెపాసిటర్ స్టెప్పులు మారినప్పుడల్లా ఆ చోటు జరుగుతుంది. నేమ్‌ప్లేట్ మీద మీ ఇంపీడెన్స్ ఎంతో చూసి ఈ లెక్క మళ్లీ వేయండి. కెపాసిటర్లన్నీ కాసేపు ఆపి 7వది ఎంతకు దిగుతుందో కూడా చూడండి.

లైన్‌మన్ కొడుకు:
హెచ్‌టీ (11 కేవీ) వైపు డెల్టా (త్రికోణంగా కలిపిన వైండింగ్) ఉంది కదా సార్, హార్మోనిక్స్ అక్కడే ఆగిపోవా?

ట్రాన్స్‌ఫార్మర్ టెస్టింగ్:
డెల్టాలో తిరిగేది 3, 9 లాంటివి. 5, 7 నేరుగా దాటిపోతాయి. ఆ 3, 9 కూడా వైండింగ్‌ని వేడి చేయకుండా ఉండవు.

పేట మిల్లు ఎలక్ట్రికల్:
ఆపి చూశాం సార్. 7వది 9కి పడిపోయింది! ఇలాగే ఆపి ఉంచితే పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది, బిల్లు కేవీఏహెచ్‌లో కాబట్టి దెబ్బ.

ట్రాన్స్‌ఫార్మర్ టెస్టింగ్:
కొన్నాళ్లు బిల్లు భరించండి, వైండింగ్ పోతే మిల్లే ఆగుతుంది. కెపాసిటర్లకు వరుసలో 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్లు పెట్టించండి. అప్పుడు రెజొనెన్స్ 189 హెర్ట్జ్‌కి, అంటే 5వదాని కిందికి వస్తుంది. వాటితో 525 వోల్టుల లాంటి ఎక్కువ వోల్టేజీ కెపాసిటర్లే వేయాలి, పాతవి ఆ వోల్టేజీకి నిలవవు. 5వది తగ్గడానికి పెద్ద డ్రైవులన్నిటికీ 3 శాతం చోకులు. ఇవన్నీ పెట్టి మళ్లీ కొలిచాకే యాక్టివ్ ఫిల్టర్ (హార్మోనిక్స్‌కి ఎదురు కరెంటు పంపే పరికరం) మాట.

అలారం మాత్రం దయచేసి పెంచకండి. వైండింగ్ ఆయిల్ కంటే ఇంకా వేడిగా ఉంటుంది. అందులో అన్నిటికంటే వేడి చోటు 98 డిగ్రీలు దాటాక, మామూలు పేపర్ ఇన్సులేషన్‌కి ప్రతి 6 డిగ్రీలకీ అరిగిపోవడం రెట్టింపవుతుంది. వైండింగ్ ఉష్ణోగ్రత మీటర్నీ నమ్మకండి. అందులోని హీటర్‌కి సీటీ (కరెంటు కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) ఇచ్చే కరెంటే తెలుసు, ఈ ఎడ్డీ వేడి తెలియదు. రియాక్టర్లు వచ్చేదాకా కొన్ని ఫ్రేములు ఆపి ఆయిల్ 75 లోపు ఉంచండి. ఆయిల్ శాంపిల్ డీజీఏకి (ఆయిల్లో కరిగిన వాయువుల పరీక్ష) పంపించండి, ఎథిలీన్, కార్బన్ మోనాక్సైడ్ అంకెలు రాగానే ఇక్కడ పెట్టండి, చూస్తాను.