ఈ వారం సమస్య: దీపమును బట్టి నడచెను తిమిరమునకు

నిర్వాహకుడు: తేటగీతి ఛందంలో చివరి పాదం ఇచ్చాను, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. దీ-తి యతి ఉంది. చేతిలో వెలుగు పెట్టుకుని చీకట్లోకి నడవడమే ఇందులో చిక్కు. విషయం 15వ శతాబ్దపు ఇంగ్లండు రాచకుటుంబాల్లో ఆడవాళ్ళ మీద పడ్డ చేతబడి నిందలు. దారి తెలియడానికి ఒక్క కథ చెబుతాను.

ఎలినార్ కాబమ్ గ్లాస్టర్ డ్యూక్ హంఫ్రీ భార్య. ఆరవ హెన్రీకి అప్పటికి పిల్లల్లేరు, కాబట్టి ఆయన పోతే సింహాసనం పినతండ్రి హంఫ్రీదే. రాజుకు ఎప్పుడు మూడుతుందో జాతకం వేయించిందనీ, ఆయన చావుకు మైనపు బొమ్మ చేయించిందనీ 1441లో ఆమెను పట్టుకున్నారు. జాతకం వేసిన రోజర్ బోలింగ్‌బ్రోక్‌ను ఉరితీసి ముక్కలు చేశారు. మతగురువు థామస్ సౌత్‌వెల్ లండన్ టవర్ కోట చెరలోనే పోయాడు. మార్జరీ జోర్డ్‌మెయిన్ అనే మంత్రగత్తెను స్మిత్‌ఫీల్డ్‌లో సజీవంగా కాల్చారు. ఎలినార్ నవంబరులో మూడు సంతరోజులు, తల మీద ముసుగు లేకుండా, మైనపు వత్తి పట్టుకుని లండన్ వీధుల్లో నడిచి, ఆ వత్తిని చర్చిల్లో సమర్పించాలి, అదీ శిక్ష. మొదటి రోజు టెంపుల్ రేవు దగ్గర దిగి సెయింట్ పాల్స్ దాకా నడిచింది. ఆ తర్వాత యావజ్జీవ ఖైదు.

న్యూజెర్సీ సభ్యురాలు:
రాజు మరణమ్ము నెంచిన రమణి యనుచు
సంత జనులెల్ల పనిమాని చాలు కట్ట
మూడు నాళ్ళు పురమ్మున ముసుగు లేక
దీపమును బట్టి నడచెను తిమిరమునకు

విజయనగరం మాస్టారు: ధార బాగుందమ్మా. ‘సంత జనులెల్ల పనిమాని చాలు కట్ట’ పాదంలో వీధి కళ్ళకు కట్టింది. ‘నెంచిన’ కూడా జాతకం లెక్కలకు చక్కగా అతికింది. ‘రమణి’ మాత్రం యతికోసం పిలిచిన చుట్టంలా ఉంది. ‘రక్కసనుచు’ అంటే యతీ నిలుస్తుంది, నిందా వినిపిస్తుంది.

న్యూజెర్సీ సభ్యురాలు: ఆమెను రక్కసి అనడానికి మనసొప్పడం లేదు మాస్టారూ.

విజయనగరం మాస్టారు: అనేది మీరు కాదు కదమ్మా, నిందవేసినవాళ్ళు! ఇంకో మాట. తిమిరం ఏమిటో పద్యంలో చెప్పలేదు. కథ తెలిసినవాడికి అది చెర, తెలియనివాడికి ఉత్త రాత్రి.

ప్రొద్దుటూరు సభ్యుడు:
బొమ్మ కొకనాడు మైనమే, పొసగ నేడు
వత్తికైనను మైనమే, వగల మునిగి
బిడ్డకై చేసితి ననుచు వేడుకొనుచు
దీపమును బట్టి నడచెను తిమిరమునకు

విజయనగరం మాస్టారు: భేష్! నేరానికీ శిక్షకీ ఒకే మైనం. ఈ పట్టు నాకు తట్టలేదు. ఆ బొమ్మ రాజును చంపడానికి కాదు, నాకు సంతానం కలగడానికి అని ఆమె చెప్పుకున్న మాటను కూడా మూడో పాదంలో ఇమిడ్చావు నాయనా. ‘పొసగ’ ఊతపదం. ‘బొమ్మ కొకనాడు మైనమే, పూని మోయు / వత్తికైనను మైనమే’ అని చూడు.

ప్రొద్దుటూరు సభ్యుడు: అలాగే సార్, మార్చేశాను.

హనుమకొండ సభ్యుడు: నేను అయిదవ హెన్రీ మారుతల్లి నవార్ జోన్ మీద రాసిన.
కొడుకు యుద్ధాల ఖర్చుకై సొమ్ము కోరి
మారుతల్లికి మంత్రాల మచ్చ పెట్టి
తీర్పు లేకయె చెరనుంచ దిగులుతోడ
దీపమును బట్టి నడచెను తిమిరమునకు

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి తప్పింది తమ్ముడూ, కొ-సొ కుదరవు. ‘కోరి సొమ్ము’ అని తిప్పితే చాలు. చరిత్ర భేషుగ్గా పట్టావు. ఆమెకు ఏటా రావలసిన భరణం 10,000 మార్కులు (అప్పటి ఇంగ్లండు డబ్బు లెక్క). 1419లో చేతబడి నింద వేయించి, విచారణ అన్నదే లేకుండా అయిదవ హెన్రీ దాన్ని లాక్కున్నాడు. 1422లో తాను పోవడానికి కొన్ని వారాల ముందు మనసు మార్చుకుని తిరిగి ఇమ్మన్నాడు. నిజంగా మంత్రగత్తె అని నమ్మినవాడు అంత సులువుగా విడిచిపెడతాడా? నా అనుమానమంతా ఖజానా మీదే.

పేచీ సమస్యతోనే. జోన్ దీపం పట్టుకుని నడిచిందెక్కడ? లీడ్స్ కోటలో నౌకర్లతో, ద్రాక్షసారాతో రాణిలాగే బతికింది. ఆమెను చూడవచ్చిన అతిథుల్లో హంఫ్రీ కూడా ఉన్నాడు. అదే నింద తన ఇంటి గడప తొక్కుతుందని అప్పుడు అనుకుని ఉండడు.

గుంటూరు సభ్యురాలు: అందరూ దొరసానుల కోసమే కన్నీళ్ళు పెడుతున్నారు. కాలిపోయిన మనిషి సంగతో?
ఒక్క నేరమ్ము, శిక్షలో నొక్క తీరె?
దొరల యింటిది గనుకనే తొలగె మంట
చితినిఁ గాలెను మార్జరీ, శ్రీలు వీడి
దీపమును బట్టి నడచెను తిమిరమునకు

విజయనగరం మాస్టారు: మాట సూటిగా ఉంది, అన్వయమే తిరగబడింది. మార్జరీ పేరు తర్వాత ‘నడచెను’ వస్తే, కాలిన మనిషే నడిచినట్టుంది! రెండు, మూడు పాదాలు తారుమారు చేసి, ‘తొలగె’ను ‘తొలగ’ చేయండి. దీపం దొరసాని చేతికి వస్తుంది.

ప్రొద్దుటూరు సభ్యుడు: చిన్న సవరణ అక్కయ్యా. పుట్టుక ఒక్కటే కాదు. మార్జరీ అంతకు పదేళ్ళ ముందే ఇలాంటి ఆరోపణ మీద చెరలో ఉండి, మళ్ళీ చేయనని మాటిచ్చి బయటపడింది. మాట తప్పినవాళ్ళకు మంట తప్పదు.

గుంటూరు సభ్యురాలు: ఒప్పుకుంటాను తమ్ముడూ. మరి మరుసటి ఏడే, 1442లో, ప్రభువుల భార్యలను ప్రభువులే విచారించాలని చట్టం తెచ్చుకున్నారే! మార్జరీలాంటి వాళ్ళకోసం ఏం తెచ్చారు? నా మొదటి పాదం మార్చను.

నిర్వాహకుడు: మార్చవద్దు. పాదాలు మాత్రం మాస్టారు చెప్పినట్టు తిప్పండి. ఈ వారం నా ఓటు మైనానికే. తిమిరాన్ని ఎవరైనా బోమారిస్ కోట దాకా తీసుకువెళ్తారనుకున్నాను. ఛెస్టర్, కెనిల్‌వర్త్, మాన్ ద్వీపం తిప్పి చివరికి ఎలినార్‌ను ఉంచింది వేల్స్‌లోని ఆ కోటలోనే, 1452లో పోయిందీ అక్కడే.

వచ్చే వారం జాక్వెటా వంతు, నాలుగవ ఎడ్వర్డు అత్తగారు. వేలెడంత సీసపు సైనికుడి బొమ్మ, నడుము విరిచి తీగ చుట్టినది, సాక్ష్యంగా తెచ్చారు. 1470 తొలినాళ్ళలో నింద కొట్టేశారు. సమస్య ఇది, మళ్ళీ తేటగీతే:
సీసపుం బొమ్మ రాణికి సిరుల నిచ్చె
జాక్వెటా రాణి కాదు, రాణి తల్లి. ఆ ముడి మీరే విప్పాలి.