గర్భిణి నడుం నొప్పికి ఆస్టియోపతీ: చేయించుకోవచ్చా, వద్దా?

డల్లాస్ కోడలు:
నాకు ఏడో నెల. పగలు ఎలాగో గడిచిపోతోంది. రాత్రి పక్కకి తిరిగితే మాత్రం నడుం కింద, కుడి పిరుదు పైన చురుక్కుమని పోటు. ఒంటికాలి మీద నిలబడలేక ప్యాంటు కూడా మంచం మీద కూర్చునే వేసుకుంటున్నాను. నన్ను చూసే డాక్టరు గారు ఎండీ కాదు, డీఓ, అంటే ఆస్టియోపతీ కూడా చదివిన డాక్టరు. వాళ్ళ క్లినిక్‌లోనే ఆస్టియోపతీ, అంటే కండరాలని, కీళ్ళని చేతులతో పట్టి చేసే వైద్యం, ఉంది, కావాలంటే రాసిస్తానన్నారు. పురిటికని గుంటూరు నుంచి వచ్చిన అమ్మ "కడుపుతో ఉన్నదాని నడుం ఎవరిచేతా పట్టించకూడదు" అంటోంది. మావారు డబ్బు దండగ అంటున్నారు. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల తల్లి:
వెళ్ళు చెల్లీ. నేను రెండో కాన్పుకి ఎనిమిదో నెలలో నాలుగుసార్లు వెళ్ళాను. పక్కకి పడుకోబెట్టి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, వెన్ను చివర అరచెయ్యి ఆనించి కదలకుండా పట్టుకున్నారు. టకటకమని ఎముకలు విరవడం లాంటిదేమీ లేదు. ఆ రాత్రి నాలుగు గంటలు ఏకధాటిగా పడుకున్నాను. కాన్పయ్యాక, పాలివ్వడానికి వంగి వంగి మెడ పట్టేస్తే మళ్ళీ వెళ్ళాను.

లెక్క చూసేవాడు:
అక్కా, మీకు హాయిగా అనిపించిందంటే నమ్ముతాను. కానీ అది ఆస్టియోపతీ మహిమేనా? ఆండ్రూ టేలర్ స్టిల్ అనే ఆయన 1874లో దీన్ని మొదలుపెట్టారు. ఎముకలు, కీళ్ళు కుదురుగా ఉంటే రక్తం బాగా పారి రోగాలు పోతాయన్నది ఆయన నమ్మకం. అది ఈనాటి వైద్యశాస్త్రం కాదు. మీ డల్లాస్ పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో 400 మంది గర్భిణుల మీద చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. కొందరికి మామూలు చూపింపులు, కొందరికి వాటితోపాటు ఆస్టియోపతీ, ఇంకొందరికి వాటితోపాటు ఉత్తుత్తి అల్ట్రాసౌండ్, అంటే నొప్పికి వైద్యం చేస్తున్నట్టు యంత్రం ఊరికే ఆనించడం. మామూలు చూపింపులతో పోలిస్తే ఆస్టియోపతీ వాళ్ళకి నొప్పి తక్కువగానే ఉంది. ఉత్తుత్తి యంత్రం పెట్టినవాళ్ళతో పోలిస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇద్దరు పిల్లల తల్లి:
తమ్ముడూ, రాత్రంతా కూర్చుని తెల్లవార్చినదాన్ని నేను. ఇరవై వారాలు దాటాక ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవద్దని 2020లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఇక మాకు మిగిలింది టైలనాల్ (అదే, పారాసిటమాల్), దిండు. చేతులు వేస్తే కాస్త కునుకు పట్టినప్పుడు అది ఉత్తుత్తిదని ఎలా తీసిపారేస్తారు?

విజయవాడ ఫిజియో:
పదిహేనేళ్ళుగా గర్భిణులను, బాలింతలను చూస్తున్నాను. ఇద్దరూ చెప్పినవి నిజాలే. కానీ ఎవరి దగ్గరికి వెళ్తున్నామన్నది ముందు తేలాలి. అమెరికాలో డీఓ అంటే ఎండీతో సమానమైన పూర్తి స్థాయి డాక్టరు. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. బ్రిటన్‌లో ఆస్టియోపత్ డాక్టరు కాదు, కానీ 1993 చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఇక మన ఊళ్ళో ఎవరైనా ఆ బోర్డు పెడితే ఏం చదివారో, ఎక్కడ చదివారో మొహమాటపడకుండా అడగండి. చాలామంది ఎముకల డాక్టరనుకుని వెళ్ళిపోతున్నారు.

ఆ 400 మంది పరిశోధన నాకు చెప్పేది ఒకటే. ఓపిగ్గా చెయ్యి వేసి, మాట విని, కాసేపు పడుకోబెడితే నొప్పి తగ్గుతుంది. ఆ ఉపశమనం కోసం వెళ్తే తప్పు లేదు. "మీ కటి పక్కకి జరిగింది, పన్నెండు సిట్టింగుల్లో సరిచేస్తా" అంటే మాత్రం లేచి వచ్చేయండి. కాన్పు తర్వాత ఈ నొప్పి చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ పేరు ప్యాకేజీ అమ్మినవాడికి పోతుంది! అప్పు చేసి మరీ ప్యాకేజీ కట్టిన బాలింత నా దగ్గర ఏడ్చింది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

డల్లాస్ అమ్మాయికి: పక్కకి తిరిగేటప్పుడు మోకాళ్ళు రెండూ దగ్గరపెట్టి, ఒళ్ళంతా ఒకేసారి దొర్లించమ్మా. కారులోంచి దిగేటప్పుడూ రెండు కాళ్ళూ కలిపే బయటపెట్టు. రోజూ కాస్త నడక, నీళ్ళలో వ్యాయామం మంచివి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడితే దాన్ని ఎవరిచేతా పట్టించకు, రక్తం గడ్డ కావచ్చు. రక్తం కనబడినా, కడుపు తెరలు తెరలుగా బిగుస్తున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా వెంటనే ఆస్పత్రికే.

లెక్క చూసేవాడు:
ఉపశమనం అని చెప్పి చేస్తే నాకూ అభ్యంతరం లేదు. సరిచేస్తామన్న మాట మీదే నా గొడవ.

డల్లాస్ కోడలు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. రెండుసార్లు వెళ్ళాను. "ఎముక జరిగిందా?" అని అడిగితే, "లేదు, కండరాలు బిగుసుకున్నాయి, వాటిని వదులు చేస్తున్నా" అన్నారు. అమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని చేతుల మీంచి చూపు తిప్పలేదు. వెళ్ళిన రోజు, ఆ మర్నాడు హాయిగా ఉంటోంది, తర్వాత మళ్ళీ మామూలే. ఫిజియో గారూ, మీరు చెప్పిన దొర్లుడు రోజూ పనిచేస్తోంది. మూడోసారికి అపాయింట్‌మెంట్ తీసుకోలేదు. కాన్పయ్యాక నడికట్టు కడతానని అమ్మ పాత నేత చీర తెచ్చి పెట్టుకుంది. దాని మీద వేరే చర్చ పెడతాను, మీరంతా రావాలి.