మిర్యాలగూడలో ఉంటూ లగ్జరీ ఎస్‌యూవీ కొనడం సబబేనా?

వడ్లమిల్లు_మిర్యాలగూడ:

అందరికీ నమస్కారం. ఇంట్లో ఆరుగురం: అమ్మ, నాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. పాత కారు అమ్మేసి ఎస్‌యూవీ తీసుకోవాలని అనుకుంటున్నాము. చేతిలో 30 లక్షలు ఉన్నాయి. మహీంద్రా ఎక్స్‌యూవీ700 ఏడు సీట్ల డీజిల్ ఆటోమేటిక్ ఆ లోపే వస్తుంది. తమ్ముడు మాత్రం బీఎండబ్ల్యూ ఎక్స్1 తీసుకుందామని పట్టుబడుతున్నాడు. అది ఆన్‌రోడ్ 60 లక్షల దాకా అవుతుంది కాబట్టి మిగతా 30 అప్పు చేయాలి. "నాన్న స్కూటరు మీద తిరిగి ఈ మిల్లు నిలబెట్టాడు, ఆయనను ఒక్కసారైనా గొప్ప బండిలో కూర్చోబెట్టవద్దా?" అని వాడు అడిగితే నాకు నోట మాట రావడం లేదు. నాకూ ఆ కోరిక ఉంది.

మా తిరుగుడు ఎక్కువగా ఊళ్లోనూ, రైతుల కోసం చుట్టుపక్కల పల్లెల్లోనూ. నెలలో రెండు మూడు సార్లు హైదరాబాద్. ఏడాదికోసారి శ్రీశైలం. మన జిల్లాల్లో లగ్జరీ బండి వాడుతున్నవారు, ఆ పని తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

టైర్లకొట్టు_నల్లగొండ:

నాది టైర్లు, వీల్ అలైన్‌మెంట్ పని. రెండు రకాల బండ్లూ నా దగ్గరికి వస్తాయి. నేను చక్రం దగ్గర నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే మన దారుల్లో ముందు దెబ్బ తినేది అదే.

ఎక్స్‌యూవీ700లో ఖరీదైన రకాలకు వచ్చే టైరు మీద 235/60 ఆర్18 అని ఉంటుంది. 235 మిల్లీమీటర్లు వెడల్పు. అందులో 60 శాతం, అంటే 141 మిల్లీమీటర్లు, టైరు పక్కగోడ ఎత్తు. గుంతలో పడినప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య అడ్డుగా ఉండేది ఆ రబ్బరు, దానిలోని గాలి మాత్రమే. లగ్జరీ బండ్లలో అందం కోసం, మలుపుల్లో పట్టు కోసం ఈ గోడను తగ్గిస్తారు. నున్నటి రోడ్డు మీద అది నిజంగానే హాయి. వానలు వెలిశాక మాత్రం నా కొట్టుకు వచ్చే బండ్లలో పక్కగోడ మీద కోడిగుడ్డంత బుడగ లేచిన టైర్లు కనిపిస్తాయి. లోపలి దారాలు తెగితే గాలి అక్కడ పైకి పొంగుతుంది. దానికి ప్యాచీ వేయలేము, టైరు మార్చవలసిందే.

కిందటి వానాకాలం దేవరకొండ దారిలో ఒకాయన లగ్జరీ బండికి పక్కగోడ కోసుకుపోయింది. రన్‌ఫ్లాట్ టైర్లు కాబట్టి స్టెప్నీ లేదు. రన్‌ఫ్లాట్ అంటే గాలి పోయినా గంటకు 80 కిలోమీటర్లు మించకుండా ఇంకో 80 కిలోమీటర్ల దాకా పోవచ్చని కంపెనీల లెక్క. నిజమే, ఆయన బండి నా కొట్టు దాకా క్షేమంగా వచ్చింది. కానీ ఆ సైజు, ఆ రకం టైరు ఊళ్లో ఎక్కడా దొరకలేదు. హైదరాబాద్ నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించి బిగించేదాకా బండి నా షెడ్డులోనే ఉంది. పెళ్లికి బయలుదేరిన కుటుంబం ఆటో ఎక్కి వెళ్లింది. ఎక్స్1 అయినా, మరొకటి అయినా కొనేముందు రెండు అడగండి: రన్‌ఫ్లాటా కాదా, డిక్కీ కింద స్టెప్నీ ఉందా లేదా. సేల్స్ మనిషి నోటిమాట కాకుండా డిక్కీ తెరిపించి కళ్లతో చూడండి.

ఇక వరికోతల కాలం. మీరు మిల్లు వారు, మీకు చెప్పనవసరం లేదు, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. అంచున రాళ్లు పెడతారు. రాత్రిపూట ఆ రాళ్లు కనిపించవు. ఎత్తున్న బండి, మందపు టైరు ఉన్నవాడే అప్పుడు ధీమాగా ఉంటాడు.

అప్పు సంగతి. 30 లక్షలు, 9 శాతం, అయిదేళ్లు అంటే నెలకు దాదాపు 62,300 రూపాయలు. వడ్డీయే ఏడు లక్షలు దాటుతుంది. బీమాలో బండి విలువ లెక్కకట్టే పద్ధతి ప్రకారం నాలుగేళ్లు దాటి అయిదో ఏడు నడిచేసరికి తరుగు 50 శాతం. ఇది రెండు బండ్లకూ ఒకటే. 23 లక్షల ధరలో సగం పోవడం వేరు, 50 లక్షల ధరలో సగం పోవడం వేరు. నా మాటైతే ఎక్స్‌యూవీ తీసుకోండి.

పాలమూరు_ప్రయాణి:

నేను మహబూబ్‌నగర్‌లో ఉంటూ జర్మన్ ఎస్‌యూవీ వాడుతున్నాను. టైర్ల అన్నగారు చెప్పిన ప్రతి అక్షరం నిజం. అయినా నేను ఇష్టంగానే వాడుతున్నాను, ఎందుకో చెబుతాను. వారంలో నాలుగు రోజులు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైదరాబాద్ వెళ్లి వస్తాను. దాదాపు మొత్తం 44వ నంబరు జాతీయ రహదారే. ఆ వేగంలో బండి నేలను పట్టుకుని ఉండే తీరు, లోపలి నిశ్శబ్దం, సీటు నడుముకు ఇచ్చే ఆసరా, వీటికి డబ్బు పెట్టినందుకు నాకు చింత లేదు. నా నడుమునొప్పికి మందుల కంటే ఆ సీటే ఎక్కువ పనిచేసింది. సర్వీసు కూడా ఆఫీసు పనిలో పనిగా అక్కడే అయిపోతుంది.

మీ లెక్క వేరు. మీకు సర్వీసు సెంటరు 140 కిలోమీటర్ల పైన. డ్యాష్‌బోర్డులో ఒక ఎర్ర దీపం వెలిగితే ఊరి మెకానిక్ చేయి పెట్టడు, పెట్టకూడదు కూడా. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్స్1 అయిదు సీట్ల బండి. ఆరుగురు ఎలా కూర్చుంటారు? మీ నాన్నగారి కోసం కొని, శ్రీశైలం వెళ్లే రోజున ఆయననే ఇంట్లో వదిలి వెళ్తారా?

వనపర్తి_కోడలు:

అయిదు సీట్ల మాట నేనే రాద్దామని వచ్చాను. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్న ఇంటి నుంచి ఇంకో మాట. ఎక్స్‌యూవీ700 ఎత్తు. పెద్దవాళ్లు పైపిడి పట్టుకుని, ఒక కాలు లోపల వేసి, ఒళ్లంతా పైకి లాక్కోవాలి. ఈ ఒక్క విషయంలో ఎక్స్1 లాంటి బండే నయం, కాస్త కిందికి ఉంటుంది. అందుకే ఇన్నోవా హైక్రాస్ కూడా చూడండి. గడప ఎత్తు తక్కువ, మధ్య వరుసలో విడి సీట్లు ఉన్న రకం తీసుకుంటే మూడో వరుసకు పిల్లలు మధ్యలోంచే వెళ్లిపోతారు. హైబ్రిడ్ రకానికి, అంటే పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉన్నదానికి, కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 23.24 కిలోమీటర్లు. రోడ్డు మీద అంత రాదు, అయినా ఊళ్లో ఆగి ఆగి నడిపేవారికి కలిసివస్తుంది. దాని బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది.

మన్ననూరు దాటాక అడవిలో మలుపులు మొదలవుతాయి కదా, అక్కడ మూడో వరుసలో కూర్చున్న పిల్లలకు కడుపులో తిప్పుతుంది. ఏసీ గాలి వెనక దాకా వస్తోందో లేదో షోరూంలో కాదు, ఎండలో నడిపి చూడండి.

వడ్లమిల్లు_మిర్యాలగూడ:

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. సీట్ల దగ్గర వాడు మెత్తబడ్డాడు. ఆదివారం అమ్మానాన్నలను తీసుకెళ్లి ఎక్స్‌యూవీ, హైక్రాస్ రెండూ నడిపి చూస్తాము. ఏది ఎక్కడం అమ్మకు సులువైతే అదే. ఒక సందేహం మిగిలింది: ఆరుగురూ కూర్చున్నాక మూడో వరుస వెనక సామాను పడుతుందా?

టైర్లకొట్టు_నల్లగొండ:

రెండింటిలో హైక్రాస్‌లోనే చోటు ఎక్కువ. ఎక్స్‌యూవీలో మూడో వరుస లేపితే రెండు చిన్న సంచులకు మించి పట్టవు. వెళ్లేటప్పుడు మీ ఇంటి సూట్‌కేసులే పట్టుకెళ్లండి, పెట్టించి డిక్కీ తలుపు మూయించి చూడండి. పైన క్యారియర్ వేయిస్తే బరువు పట్టీలతో గట్టిగా బిగించాలి, టైర్లలో గాలి కూడా నిండు బరువుకు చెప్పిన లెక్క ప్రకారం పెంచాలి. ఆ లెక్క డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద ఉంటుంది.